ఎనిమిదో కార్డు నుంచి వెనక్కి

ప్రశ్న: అక్కా, నమస్తే. మాది తెనాలి దగ్గర పల్లె. తొమ్మిదేళ్లుగా వెస్టర్న్ మసాచుసెట్స్‌లో ఉంటున్నాను. నాలుగేళ్ల కిందట ఆఫీసులో ఒకాయన పట్టుబట్టి కాంట్రా డాన్స్‌కు తీసుకెళ్లాడు. అప్పటి నుంచి వదల్లేదు. కిందటేడు కాలింగ్, అంటే మైక్‌లో కదలికలు చెప్తూ ఆడించడం, నేర్చుకోవడం మొదలుపెట్టి, వేరే కాలర్లు చేసే సాయంత్రాల్లో మధ్యలో ఒకటీ రెండూ కాల్ చేశాను. ఇప్పుడు పక్క ఊరి హాలువాళ్లు వచ్చే నెల ఒక శనివారం మొత్తం నన్నే చూసుకోమన్నారు, రాత్రి 7.30 నుంచి 10.30 దాకా. నా దగ్గర 40 కార్డులున్నాయి, ఒక్కోదాని మీద ఒక డాన్స్ రాసి ఉంటుంది. అన్నీ బాగున్నట్టే ఉంటాయి. ఏది ముందు పెట్టాలో, ఏది వెనక పెట్టాలో తెలియక నిద్ర పట్టడం లేదు. చిన్నప్పుడు మా ఊళ్లో శ్రీరామనవమికి కోలాటం వేసేవాళ్లం. గురువుగారు ఈల వేస్తే చాలు, కోపు మారిపోయేది. ఇది అంత తేలిగ్గా ఎందుకు రావడం లేదు? ఇంకో టెన్షన్ కూడా ఉంది. నా యాస వాళ్లకు అర్థమవుతుందా?

సమాధానం: తమ్ముడూ, నీ ఉత్తరంలో కోలాటం మాట దగ్గర ఆగిపోయాను. సగం జవాబు అక్కడే ఉంది. మీ గురువుగారు ఎన్ని రాత్రిళ్లు సాధన చేయించాక మిమ్మల్ని గుడి ముందుకు తీసుకొచ్చారో గుర్తు చేసుకో. ఈల వినపడేసరికి ఏ కోపు వేయాలో మీ కాళ్లకు ముందే తెలుసు. కాంట్రాలో ఆ సాధన ఉండదు. ఆ శనివారం నీ ముందు 60 మంది నిలబడితే, వాళ్లలో పదిహేను మంది ఆ రోజే మొదటిసారి ఆ గడప తొక్కినవాళ్లు కావచ్చు. నేర్పడం, ఆడించడం, అలసిపోకుండా చూడటం, అన్నీ ఆ మూడు గంటల్లోనే జరగాలి. కాబట్టి నీ కార్డుల వరసే వాళ్లకు సాధన. మొదటి డాన్స్ రెండోదానికి రిహార్సల్, రెండోది మూడోదానికి.

కాంట్రా చూడని పాఠకుల కోసం రెండు మాటలు. ఇది అమెరికాలో న్యూ ఇంగ్లండ్ ఊళ్ల జానపద నాట్యం. ఇంగ్లండ్ కంట్రీ డాన్సుల నుంచి వచ్చి, అక్కడి టౌన్ హాళ్లలో, రైతుల గ్రేంజ్ హాళ్లలో నిలబడిపోయింది. జంటలు పొడుగాటి రెండు వరసల్లో ఎదురెదురుగా నిలబడతారు. వరస మొదటి నుంచి నలుగురు నలుగురుగా, అంటే రెండేసి జంటలుగా, చేతులు పట్టుకుని గుంపులవుతారు. పక్కన బ్యాండ్ ఉంటుంది, ఫిడేలు, పియానో, గిటార్ లాంటివి. ట్యూన్‌లో ఎ భాగం రెండుసార్లు, బి భాగం రెండుసార్లు వస్తుంది. ఒక్కోదానికి 16 బీట్లు, మొత్తం 64. ఆ 64 బీట్లలో కాలర్ చెప్పిన ఫిగర్లన్నీ, అంటే కదలికలన్నీ, చేస్తే ప్రతి జంటా ఒక స్థానం జరిగి కొత్త జంటకు ఎదురవుతుంది. మళ్లీ మొదటి నుంచి. పార్టనర్ మారరు, నైబర్ (ఎదురైన జంటలో మనతో ఆడే మనిషి) మాత్రం అర నిమిషానికోసారి మారతారు. జంటలో ఎడమ పక్కన నిలబడేవాళ్లను లార్క్ అనీ, కుడి పక్కవాళ్లను రాబిన్ అనీ ఇప్పుడు చాలా హాళ్లలో పిలుస్తున్నారు. ఇదివరకు జెంట్స్, లేడీస్ అనేవాళ్లు. మీ హాల్లో ఏది వాడతారో ముందే అడుగు.

ఇక లెక్క చూద్దాం. నీకిచ్చింది 180 నిమిషాలు. మధ్యలో విరామం 20 తీసెయ్. విరామానికి ముందొక వాల్ట్జ్ (జంటగా ఆడే నాట్యం), చివర్లో ఒక వాల్ట్జ్, రెండూ కలిపి 10. మిగిలింది 150. నిమిషానికి 116 బీట్ల వేగంతో వాయిస్తే ఒక్క చుట్టుకు, అంటే 64 బీట్లకు, 33 సెకన్లు పడుతుంది. 16 చుట్లు ఆడిస్తే దాదాపు 9 నిమిషాలు. దానికి ముందు జనం పార్టనర్లను వెతుక్కోవాలి, లైన్లు కట్టాలి, నువ్వు వాక్‌త్రూ (సంగీతం లేకుండా ఒకసారి నడిపించి చూపడం) చేయించాలి. ఒక డాన్స్‌కు 13, 14 నిమిషాలు ఊరికే అయిపోతాయి. అనుభవమున్న కాలర్ ఇదే సమయంలో 11 చేయిస్తారు. నువ్వు 10 రాసుకో. విరామానికి ముందు ఐదు, తర్వాత ఐదు. పదకొండోది జేబులో ఉంచు. టైమ్ చాలక ఒకటి ఎగిరిపోయినా బాధపడకు, అది ఎగిరిపోయిందని ఎవరికీ తెలియదు.

నా మొదటి సాయంత్రం సంగతి చెప్తాను. జనవరి నెల, న్యూ హాంప్‌షైర్‌లో ఒక చిన్న హాలు, బయట మోకాలెత్తు మంచు. నాకు ప్రాణమైన కార్డు ఒకటి ఉండేది. అందులో మన నలుగురి గుంపు వదిలి పక్క గుంపులోని నైబర్ దగ్గరికి వెళ్లి, ఒక తిరుగుడు తిరిగి వెనక్కి రావాలి. అది మూడోదిగా పెట్టాను. ఆ రోజు ఒక కాలేజీ నుంచి పద్నాలుగు మంది పిల్లలు తొలిసారి వచ్చారు. నాలుగో చుట్టుకల్లా లైన్ చివర తెగిపోయింది. చివర ఉన్నవాళ్లకు పక్క గుంపు అనేదే ఉండదు కదా, ఎవరి దగ్గరికి వెళ్లాలో తెలియక గాల్లో చేయి చాపి నిలబడిపోయారు. ఒక అమ్మాయి చేయి అలాగే ఉంది, ముఖం ఎర్రబడింది. సంగీతం ఆపించాను. ఇంకో కార్డు తీద్దామని చూస్తే, నా కట్టలో దానికంటే తేలికైనది ఒక్కటీ లేదు. విరామంలో ఆ పద్నాలుగు మందిలో తొమ్మిది మంది కోట్లు వేసుకుని వెళ్లిపోయారు. ఆ అమ్మాయి కూడా. ఆ డాన్స్ తప్పేం లేదు. అది తొమ్మిదో స్థానంలో ఉండాల్సింది. ఇప్పటికీ కార్డులు పేర్చేటప్పుడు ఆ చాపిన చెయ్యి గుర్తొస్తుంది.

అందుకే నా పద్ధతి ఇది. ముందు నుంచి రాయను. ముందుగా ఎనిమిదో కార్డు ఎంచుకుంటాను. సాయంత్రం మొత్తంలో కాస్త కష్టమైనది, అందరూ కలిసి సాధిస్తే హాలంతా ఒక్కసారి కేక వేసేది ఏదో అది. అప్పుడు ఒక్కటే అడుగుతాను, ఈ డాన్స్ దగ్గరికి వచ్చేసరికి వీళ్ల కాళ్లకు ఏమేం తెలిసి ఉండాలి? అక్కడి నుంచి వెనక్కి వెళ్తూ ఒక్కోటీ పేరుస్తాను.

ఉదాహరణకు ఎనిమిదోది ఫుల్ హే ఉన్న డాన్స్ అనుకో. నలుగురు చేతులు పట్టుకోకుండా, జడ అల్లినట్టు ఒకరినొకరు దాటుకుంటూ 16 బీట్లు నడవాలి. కొత్తవాళ్లకు హే అంటే భయం ఎందుకంటే పట్టుకోవడానికి చెయ్యి దొరకదు. స్వింగ్‌లో (ఇద్దరూ పట్టుకుని గిరగిర తిరగడం) తప్పినా, సర్కిల్‌లో (చేతులు పట్టుకుని వలయంగా తిరగడం) తప్పినా పక్కవాళ్ల చెయ్యి లాక్కెళ్తుంది. హేలో తప్పితే ఒంటరి. దాన్ని ఎలా దగ్గర చేయాలి? హే మొదలయ్యేది చాలాసార్లు రాబిన్స్ ఇద్దరూ మధ్యలో కుడి భుజాలు దాటుకోవడంతో. ఇదే దారిలో రాబిన్స్ కుడిచేతులు అందుకుని అవతలి పక్కకు వెళ్లే ఫిగర్ ఒకటుంది, చెయిన్. అంటే మొదటి డాన్స్‌లో చెయిన్ నేర్పితే సగం దారి వేసినట్టే. నాలుగో డాన్స్‌లో హాఫ్ హే పెట్టు, 8 బీట్లే. వాక్‌త్రూలో “చెయిన్‌కు వెళ్లిన దారే, ఈసారి చేతులు వద్దు” అని ఒక్క మాట చెప్తే చాలు. ఆరోదానిలో హాఫ్ హే మళ్లీ రానీ, ఈసారి ట్యూన్‌లో వేరే చోట. ఎనిమిదోదానికి వచ్చి “రెండు హాఫ్ హేలు కలిపితే ఫుల్ హే” అన్నావనుకో, పొద్దున టిఫిన్ తినేటప్పుడు కాంట్రా అనే పేరే వినని మనిషి రాత్రి పదింటికి హే దాటేస్తాడు. ఆ ముఖం చూడటానికే నేను ఇన్నేళ్లుగా కాల్ చేస్తున్నాను.

మొదటి కార్డు మీద మాత్రం గంటసేపు కూర్చో. మిగతా తొమ్మిదింటి మీద కలిపి పెట్టినంత శ్రద్ధ దీని మీద పెట్టు. నేను ఎక్కువగా మొదలుపెట్టేది ఇలా ఉంటుంది. మొదటి ఎ: నైబర్‌తో బ్యాలెన్స్ (చేతులు పట్టుకుని ముందుకో అడుగు, వెనక్కో అడుగు), స్వింగ్. రెండో ఎ: సర్కిల్ లెఫ్ట్ ముప్పావు, పార్టనర్‌తో స్వింగ్. మొదటి బి: లాంగ్ లైన్స్ ముందుకూ వెనక్కూ, తర్వాత రాబిన్స్ చెయిన్. రెండో బి: నలుగురూ ఎడమచేతులు మధ్యలో కలిపి స్టార్‌గా ఒక చుట్టు, వదిలేసరికి ఎదురుగా కొత్త నైబర్. ఇందులో ఎన్ని మంచి పనులు జరుగుతున్నాయో చూడు. ప్రతి ఎనిమిది బీట్లకూ ఎవరిదో ఒక చెయ్యి చేతిలో ఉంటుంది. తప్పిపోతే లాంగ్ లైన్స్ దగ్గర అందరూ వరసలోకి వచ్చేస్తారు, అక్కడ మళ్లీ అందుకోవచ్చు. పార్టనర్ స్వింగ్ ఉంది కాబట్టి ఎవరితో వచ్చారో వాళ్లతో ఆడిన తృప్తి ఉంటుంది. నైబర్ స్వింగ్ ఉంది కాబట్టి కొత్తవాళ్లు అనుభవమున్నవాళ్ల చేతుల్లో పదిసార్లు తిరిగి స్వింగ్ నేర్చేసుకుంటారు. నువ్వు మైక్‌లో పది నిమిషాలు చెప్పినా రానిది ఆ చేతులు నేర్పుతాయి. చెయిన్ ఒక్కటే కొత్త ఫిగర్. ఒక డాన్స్‌కు ఒక్క కొత్త ఫిగర్, అంతకు మించవద్దు.

లైన్ రెండు చివర్లలోనూ జంట బయటికి వచ్చి ఒక చుట్టు ఆగుతుంది కదా, ఆ విషయం మొదటి వాక్‌త్రూలోనే స్పష్టంగా చెప్పు. “ఖాళీగా ఉంటే కంగారు పడకండి, పార్టనర్‌తో స్థానాలు మార్చుకుని నిలబడండి, వచ్చే చుట్టులో మిమ్మల్ని పిలుస్తారు.” చాలామంది కొత్తవాళ్లు డాన్స్ మధ్యలో తప్పరు, ఈ చివర్లలోనే తప్పుతారు.

మధ్య కార్డులకు వచ్చేసరికి ఒక కాగితం మీద గడులు గీసుకో. అడ్డంగా పది డాన్సులు, నిలువుగా ఫిగర్లు: చెయిన్, స్టార్, డో-సి-డో, అలెమాండ్, పెట్రొనెల్లా, హే, ప్రామినేడ్. ఏ డాన్స్‌లో ఏది ఉందో టిక్కు పెట్టు. ఒక వరసలో మూడు టిక్కులు పక్కపక్కన పడితే ఒక కార్డు మార్చు. డాన్స్ ఎలా మొదలవుతుందో కూడా చూసుకో. నాలుగు డాన్సులు వరసగా నైబర్ బ్యాలెన్స్, స్వింగ్‌తో మొదలైతే జనం ఎందుకో తెలియకుండానే నీరసపడతారు. కళ్లు తిరిగే ఫిగర్లను కూడా ఒకచోట గుంపుగా పెట్టకు. స్వింగ్ రెండుసార్లు ఉన్న డాన్స్‌లో ఇంకో గిరగిర తిరుగుడు కూడా ఉంటే పెద్దవాళ్లు తర్వాతది కూర్చుంటారు.

ఒకచోట ఆకారమే మార్చు. న్యూ హాంప్‌షైర్‌లో రాల్ఫ్ పేజ్ లాంటి పాత కాలర్ల సాయంత్రాల్లో కాంట్రాలతో పాటు స్క్వేర్లు, జంట నాట్యాలు కలిసి ఉండేవి. ఇప్పుడు చాలా హాళ్లలో రాత్రంతా కాంట్రాలే. నా మట్టుకు నేను మూడో స్థానంలో పెద్ద వలయం కట్టించే సర్కిల్ మిక్సర్ పెడతాను. పార్టనర్లు మారిపోతారు, ఒంటరిగా వచ్చినవాళ్లకు నలుగురితో ముఖపరిచయం అవుతుంది. గొప్పగా ఆడేవాళ్లు కొందరు దానికి మొహం ముడుస్తారు, ముడవనీ. ఒంటరిగా గోడ దగ్గర నిలబడ్డ మనిషి తర్వాత డాన్స్‌కు ఎవరినైనా ధైర్యంగా అడగగలగడం నాకు ముఖ్యం. ఏడోది బెకెట్ వరసలో పెట్టొచ్చు. అందులో పార్టనర్ ఎదురుగా కాకుండా పక్కనే ఉండి మొదలుపెడతారు. ఆ పేరు మీ మసాచుసెట్స్‌లోని బెకెట్ క్యాంపు నుంచి వచ్చిందే, అది మైక్‌లో చెప్పు, మీ ప్రాంతంవాళ్లు సంతోషిస్తారు.

ఐదోది, అంటే విరామానికి ముందుది, తెలిసిన ఫిగర్లతోనే ఉండాలి కానీ ఊపు ఉండాలి. కాళ్లు దడదడమనే బ్యాలెన్సులు రెండు మూడు ఉన్నది చూడు. ఆరోది మళ్లీ నెమ్మది. జనం నోట్లో కుకీ నములుతూ వస్తారు, కొందరు అప్పుడే హాల్లోకి అడుగుపెడతారు. విరామంలో కొంతమంది కొత్తవాళ్లు ఇంటికి వెళ్లడం మామూలే, అలసిపోయి వెళ్తే అది నీ తప్పు కాదు. పదోది మాత్రం నువ్వు నోరు తెరవక్కర్లేనంత తేలిగ్గా ఉండాలి, చివర్లో పార్టనర్ స్వింగ్ ఉండాలి. ఐదారు చుట్ల తర్వాత నువ్వు కాల్ చేయడం మానెయ్. బ్యాండ్, కాళ్ల చప్పుడు, అంతే వినపడాలి.

బ్యాండ్ సంగతి నువ్వు అసలు అడగలేదు. కొత్త కాలర్లందరూ ఇది మర్చిపోతారు. వారం ముందే వాళ్లకు ఫోన్ చెయ్. పది డాన్సులకూ ఏ రకం ట్యూన్ కావాలో నీ కార్డు మూల రాసుకో. బ్యాలెన్సులు ఎక్కువ ఉన్నదానికి కొట్టొచ్చినట్టు దరువున్న రీల్, జారుతూ సాగిపోయేదానికి జిగ్. బ్యాలెన్సులు ఎక్కడ పడతాయో కూడా చెప్పు, మొదటి ఎలోనా, రెండో బిలోనా అని. అప్పుడు వాళ్లు ఆ చోట ఊపున్న ట్యూన్ తీస్తారు. వాక్‌త్రూ జరుగుతుండగానే తర్వాత కార్డు వాళ్ల చేతికి అందేలా చూడు. మొదలుపెట్టేముందు ఫిడేలువాళ్లను నాలుగు పొటాటోలు అడుగు, అంటే ట్యూన్‌కు ముందు నాలుగు బీట్ల దరువు. జనానికి కాలు ఎత్తే సమయం అది. ఆపడానికి ముందు ఇంకా ఎన్ని చుట్లో వేళ్లతో చూపించడం మామూలు పద్ధతి, మూడు వేళ్లంటే ఇంకో మూడు చుట్లు. లైన్లు పొట్టిగా ఉంటే 12 చుట్లకే ఆపు, అవే ముఖాలు మళ్లీ మళ్లీ ఎదురైతే విసుగొస్తుంది.

ఇంత రాశాక ప్రతి కార్డు వెనకా ఇంకో కార్డు పెట్టు, అదే స్థానానికి ఇంకా తేలికైనది. రెండూ ఒక క్లిప్పుతో బిగించు. ఇరవై మంది కొత్తవాళ్లు ఒక్కసారిగా వస్తే వెనక కార్డులతోనే రాత్రంతా నడిపించు. ఎనిమిదో కార్డు ఆ రోజు బయటికి రాకపోయినా పర్వాలేదు, ఇంకో శనివారం వస్తుంది. మూడో డాన్స్ అయ్యాక మైక్ పక్కన పెట్టి ఒక్క నిమిషం హాలంతా చూడు. లైన్ చివర్లలో జనం సరిగ్గా నిలబడుతున్నారా? కొత్తవాళ్లు నవ్వుతున్నారా, నీ నోటికేసి చూస్తున్నారా? నీ నోటికేసి చూస్తుంటే నాలుగోదానికి వెనక కార్డు తియ్.

ఇక నీ యాస. నేను విజయనగరం యాసతో ఇంగ్లీష్ మాట్లాడతాను, ఇప్పటికీ అంతే. హాల్లో ఎవరికీ అర్థం కాకపోవడం జరగలేదు. నా కాల్స్ అర్థం కాని రోజులున్నాయి కానీ, అవి ఆలస్యంగా చెప్పిన రోజులు. కాల్ అంటే రెండు మూడు మాటలు. అవి ముందు ఫిగర్ చివరి నాలుగు బీట్లలో పూర్తవ్వాలి, అప్పుడే తర్వాత ఫిగర్ మొదటి బీట్‌కు కాలు పడుతుంది. ఒక్క బీట్ ఆలస్యమైతే ఎంత చక్కటి ఉచ్చారణ ఉన్నా లైన్ తడబడుతుంది. కాబట్టి రోజూ ఇంట్లో ట్యూన్ పెట్టుకుని, నడుస్తూ, మొదటి కార్డు గట్టిగా కాల్ చెయ్. డైనింగ్ టేబుల్ మీద నాలుగు గ్లాసులు పెట్టుకో, రెండు స్టీలువి, రెండు గాజువి. స్టీలువి లార్క్స్, గాజువి రాబిన్స్. కాల్ చేస్తూ వాటిని జరుపు. 64 బీట్లయ్యేసరికి రెండు జంటలూ స్థానాలు మారాయో లేదో చూడు. గ్లాసు తప్పిన చోటే హాల్లో మనిషి తప్పుతాడు. వాక్‌త్రూ మాటలు కూడా రాసి పెట్టుకో, రాసినదాంట్లో సగం కొట్టెయ్. ఒకసారి చెప్పి, నడిపించి, ఆపు. మళ్లీ మళ్లీ వివరిస్తే అర్థమైనవాళ్లకు కూడా అనుమానం వస్తుంది.

డాన్స్‌కు ముందు అరగంట కొత్తవాళ్లకు పాఠం ఉంటుందేమో కనుక్కో. ఉంటే స్వింగ్, ప్రోగ్రెషన్ (ఒక స్థానం జరిగి కొత్త జంటకు ఎదురవడం) ఈ రెండే నేర్పు. స్వింగ్‌లో కళ్లు తిరగకుండా ఎదుటివాళ్ల ముఖం వైపు చూడమను, చేతుల్లో కాస్త బిగువు ఉంచమను. హే మాట అక్కడ ఎత్తకు.

చివరి వాల్ట్జ్‌కు కాల్ ఉండదు. మైక్ స్టాండులో పెట్టి, కిందికి దిగి, ఆ రోజే మొదటిసారి వచ్చిన ఎవరినైనా అడిగి ఆ వాల్ట్జ్ వాళ్లతో ఆడు. ఇంటికెళ్లాక పడుకునేముందు ప్రతి కార్డు వెనకా తేదీ, ఎన్ని చుట్లు ఆడించావో, ఎక్కడ తడబడ్డారో రెండు ముక్కలు రాయి. ఈలోగా నీ పది కార్డుల వరస పేర్చి నాకు పంపు. ముందు ఎనిమిదోది చూసి, తర్వాత మొదటిది చూస్తాను.